బ్యారన్ పత్తి

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటాయి. ఒత్తు ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట పెడతాను. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. యాభై దాటాక నా కోడలు నజ్మీన్ పరుపు గుడ్డ మీద సుద్దముక్కతో గీసి దిద్దించిన అక్షరాలివి. ఓర్చుకుని చదవండి.

మాది దర్శికి అవతల మెట్ట పొలాల ఊరు. పత్తి, మిరప, కాస్త పొగాకు పండుతాయి. మేము దూదేకులవాళ్లం. మా ఆయన బుడాన్ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన పోయాక నా కొడుకు మాలిక్ ఆ పని అందుకున్నాడు. విల్లు గోడకెక్కింది. దాని తీగ మీద కొట్టే చెక్కసుత్తి కూడా పక్కనే మేకుకు వేలాడుతూ ఉండేది. ఇప్పుడు దర్శిలో మిషన్ ఉంది, అందులో వేస్తే దూది తయారై వస్తుంది.

కానీ పాత పత్తిని మిషన్‌లో వేసేముందు బెత్తాలతో కొట్టాల్సిందే. గడ్డలు విడాలి, మట్టి రాలాలి. పత్తి గాలికి లేచిపోకుండా తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను ఆపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొడతాం. గది బయట నిలబడితే ఎవరో ఎవర్నో చావగొడుతున్నట్టు వినిపిస్తుంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నేను ఆ చప్పుడుకు భయపడి వంటింట్లో దాక్కున్నాను. తర్వాత నేనూ కొట్టాను. మా ఇళ్లలో అందరం కొట్టినవాళ్లమే.

ఊరి చివర ఒక పాత పొగాకు బ్యారన్ ఉంది. లోపల పొగాకు వేలాడదీసి వేడికి ఆరబెట్టేవాళ్లు, అది మానేశాక ఖాళీగా పడింది. కిటికీలు లేని ఎత్తైన గది, ఒకటే తలుపు. రేటు రాలేదని బ్యారన్ సొంతదారైన రైతు తన పత్తినంతా అందులో పోసి తాళం వేశాడు. రెండు పంటలు గడిచాక తీస్తే మిల్లువాళ్లు ముక్కు మూసుకుని వద్దన్నారు. అంతా ఎలుకల మయం. పారేసేదే కదా, కావాలంటే తీసుకుపోరా అని మాలిక్‌తో అన్నాడు. మావాడు సంబరపడ్డాడు. పెళ్లిళ్ల కాలం ముందుంది, పరుపులకు పత్తి కావాలి.

గోనెలు పట్టుకుని ముగ్గురం వెళ్లాం, నేను, మాలిక్, నజ్మీన్. తలుపు తీయగానే పత్తి కుప్ప కదిలింది. పత్తి కింద అన్ని ఎలుకలు. అవి పక్కన కల్లంలో ఆరబోసిన మిరప కుప్పల్లోకి పారిపోతే ఆ రైతులు మా మీదికొస్తారని, మాలిక్ బెత్తం పట్టుకుని లోపలికెళ్లి తలుపు బయట నుంచి వేయమన్నాడు. నజ్మీన్ గొళ్లెం పెట్టి వీపు ఆనించి నిలబడింది.

లోపల దెబ్బలు మొదలయ్యాయి. బెత్తం ఒకసారి గోడకు తగులుతుంది, ఒకసారి పత్తిలో మెత్తగా దిగుతుంది, ఒకసారి ఎముక విరిగినట్టు టక్కుమంటుంది. ఎలుకల కీచుకీచులు ఒక్కటే గోల. కొన్ని తలుపు దాకా వచ్చి కింది సందులోంచి మూతులు బయటపెట్టి మా కాళ్ల దగ్గర గీరాయి. మాలిక్ లోపల నవ్వుతూ లెక్కపెడుతున్నాడు. తలుపు తీశాక వాడు బయటికొచ్చిన రూపం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. తల నుంచి పాదాల దాకా తెల్లటి దుమ్ము. కనురెప్పల మీద కూడా దుమ్మే. బెత్తం కొస నెత్తురు. వంగి మోకాళ్ల మీద చేతులు ఆనించి ఆగకుండా దగ్గాడు. దగ్గుతూనే నవ్వాడు.

పత్తిని ఇంటికి తెచ్చి వెనక గదిలో పోశాం. మొగుడూ పెళ్లామూ తలుపులు మూసుకుని కొట్టడం మొదలుపెట్టారు. వీలున్నప్పుడల్లా కాస్త కాస్త కొట్టారు. రెండు మూడు వారాలకు, సగం కూడా కాకముందే మాలిక్ జ్వరంతో పడ్డాడు.

అది మిరప కల్లాల కాలం. ఆ రోజుల్లో ఊరంతా దగ్గుతుంది. అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. మాలిక్ దగ్గినా, కళ్లు ఎర్రబడినా, ఘాటు అనుకున్నాం. ఒళ్లు కాలిపోతోందంటే ఊళ్లో వైద్యుడు సూదేశాడు. నడుము రెండు పక్కలా ఎవరో గుద్దుతున్నట్టుందని వాడు గోడకు వీపు కొట్టుకున్నాడు. కొట్టి కొట్టి అలసిపోయిన నడుమే అనుకున్నాను. ఆ తర్వాత ఉచ్చ ఆగిపోయింది. మొహం ఉబ్బింది. ఒంగోలు తీసుకెళితే గుంటూరు పొమ్మన్నారు.

గుంటూరు పెద్దాసుపత్రిలో వాడు సుఖంగా పోలేదు. ఊపిరి అందక ముక్కు మీది గొట్టం పీకేశాడు. ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుంటే వాళ్లను కాళ్లతో తన్నాడు. నాలుక కొరుక్కున్నాడు. నెత్తురు గడ్డం మీదుగా కారింది. మంచం ఇనుప పట్టె పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. మునిసిపాలిటీవాళ్లు కుక్కను పట్టేటప్పుడు అది ఎలా గింజుకుంటుందో నా బిడ్డ అలా గింజుకుని పోయాడు. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే ఆ తర్వాత నేను చేసింది మీకు అర్థం కాదు.

డెంగీ అన్నారు, కాదన్నారు. ఎలుక జ్వరం అన్నారు, అదీ కాదన్నారు. అక్కడి ఒక చిన్న డాక్టరు మాత్రం వాడి పనేమిటి, ఎలుకలు తిరిగే చోటికి ఏమైనా వెళ్లాడా అని నన్ను కూర్చోబెట్టి అడిగాడు. బ్యారన్ సంగతి చెప్పాను. అతను మాలిక్ నెత్తురు తీసి పెట్టింది పూనా ల్యాబుకు పంపించి, జిల్లా వాళ్లకు ఫోన్ చేశాడు.

మాలిక్ పోయిన మూడో రోజు, జియారత్ ఫాతెహా నాడు, ఇంటి ముందు జీపు ఆగింది. దిగినావిడ పేరు శరణ్య. జిల్లాలో ఎక్కడ వింత జ్వరం వచ్చినా వెతుక్కుంటూ వెళ్లే డాక్టరు. మూతికి మాస్కు పెట్టుకుని నా పక్కనే నులక మంచం మీద కూర్చుంది. ముందు నా కొడుకు గురించి అడిగింది, తర్వాతే రోగం గురించి మాట్లాడింది. మా ఊరి ఆశా కార్యకర్త సుబ్బరావమ్మ ఆమె వెంటే ఉంది.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. హంటా వైరస్ అని ఒకటుంది. అది ఎలుకల్లో ఉంటుంది, వాటినేమీ చేయదు. వాటి ఉచ్చలో, పెంటికల్లో, ఉమ్మిలో బయటికొస్తుంది. మూసిన గదిలో అది ఎండి, ఎవరైనా ఊడ్చినా, దులిపినా, కొట్టినా దుమ్ముతో లేస్తుంది. ఆ దుమ్ము పీల్చినవాళ్లకు కొన్ని వారాల దాకా ఏమీ తెలియదు. తర్వాత ఒక్కసారి జ్వరం, నడుం నొప్పి. కిడ్నీలు గానీ ఊపిరితిత్తులు గానీ పాడవుతాయి. దీనికంటూ మందు లేదు. కానీ మొదటి జ్వరానికే పెద్దాసుపత్రికి చేరితే మనిషిని నిలబెట్టి ఉంచొచ్చు. ఆలస్యమే చంపుతుందని ఆమె నజ్మీన్ కళ్లలోకి చూసి చెప్పింది. ఎందుకంటే ఆ దుమ్ము మొగుడితో సమానంగా పీల్చింది నజ్మీనే.

మనుషుల నుంచి మనుషులకు అంటుతుందా అని వాకిట్లో ఎవరో అడిగారు.

"మన వైపు కనిపించే రకాలు అంటవు," అంది శరణ్య. "ఎక్కడో దూరదేశంలో ఒక్క రకం అంటుతుంది. ఇది అది కాదనే నా నమ్మకం. కాగితం వచ్చేదాకా నూటికి నూరు అని మాత్రం చెప్పను."

ఆవిడ నిజాయితీగా చెప్పిన ఆ మాటే మా కొంప ముంచింది. సాయంత్రానికి ఊరంతా తిరిగింది ఒక్కటే ముక్క: అంటుకునే రకం కూడా ఉందట, డాక్టరమ్మే చెప్పిందట.

తెల్ల సూట్లు వేసుకున్నవాళ్లు బ్యారన్‌లో బోన్లు పెట్టారు, ఎలుకలను పట్టి తీసుకెళ్లారు, తలుపుకు సీలు వేశారు. మా వెనక గదిలో మిగిలిన కుప్ప చూసి దానికీ తాళం వేశారు. బ్లీచింగు నీళ్లు కొట్టే మిషను మర్నాడో ఎల్లుండో వస్తుంది, కుప్పనంతా తడిపి, నానాక, తడిగానే ఎత్తి పూడ్చేస్తాం, అప్పటిదాకా ఊడ్చొద్దు, దులపొద్దు, కాల్చొద్దు అన్నారు. ఎండలో ఆరేసి కుట్టిన పరుపుల గురించి భయపడక్కర్లేదన్నారు. నజ్మీన్‌కూ నాకూ నెత్తురు తీశారు. జ్వరం చూసే పుల్ల ఒకటి ఇచ్చారు, అంకెలు వెలిగేది. పొద్దునా సాయంత్రం సుబ్బరావమ్మ వచ్చి చూడాలి. జ్వరం అంకె కనిపిస్తే ఊరి వైద్యుడి దగ్గరికి వెళ్లకుండా సూటిగా నూటెనిమిదికి ఫోన్ చేయాలి.

మిషను ఎల్లుండికి రాలేదు. ఇంకో ఊళ్లో డెంగీ పనిలో ఉందట. కుప్ప అలాగే ఉంది. గోడకు చెవి పెడితే లోపల గీరుతున్న చప్పుడు వినిపించేది. గోనెల్లో కొన్ని ఎలుకలు మాతోపాటే ఇంటికొచ్చాయి.

ఇలియాస్ మా ఆయన తమ్ముడు. ఒకే వాకిలి, ఎదురెదురు ఇళ్లు. పరుపులు ఆటోలో వేసుకుని తిరిగి అమ్మేది అతనే. తెల్ల సూట్ల వీడియో ఫోన్లలో తిరిగాక అతని ఆటోను ఏ ఊళ్లోకీ రానివ్వలేదు. ఒకచోట దిండ్లు మొహాన కొట్టి పంపారు. ఇంకోచోట ఆటో అద్దం పగిలింది. ఆ కసి అంతా వాకిట్లో దింపేవాడు. నజ్మీన్‌ను పుట్టింటికి పంపెయ్యమన్నాడు. వాళ్ల పుట్టిల్లు కొండ కింద పల్లె, వాన పడితే సైకిలు కూడా పోదు. అక్కడ జ్వరమొస్తే మాలిక్ పోయినట్టే పోతుంది. పంపనన్నాను.

"నీ కొడుకు పోయాడు. ఇంక ఈ పిల్ల నీకేమవుతుంది వదినా?" అన్నాడు.

"నన్ను చదివించింది," అన్నాను. అప్పుడు నోటికొచ్చింది అదే.

ఆ తర్వాత కుళాయి దగ్గర నజ్మీన్ బిందెను ఒకడు తన్నాడు. అది దొర్లి మురిక్కాలవలో పడింది. ఆమె తీసుకోవడానికి వంగితే వీపు మీద మట్టిగడ్డ పడింది. ఇంకోరోజు మా వాకిట్లోకి చచ్చిన ఎలుకను విసిరారు. ఇలియాస్ పెళ్లాం సిద్దికా నాతో మాట్లాడ్డం మానేసింది. కానీ మొగుడు లేనప్పుడు గోడ మీదుగా నీళ్ల బిందె అందించేది. ఆ పుల్ల చూడ్డం నజ్మీన్‌కు విసుగొచ్చింది కానీ నాకు రాలేదు. సుబ్బరావమ్మ వచ్చేలోపే నేను ఒకసారి చూసేదాన్ని. నిద్రలో కూడా ఆ అంకెలే కనిపించేవి. ఆ పిల్ల బతకాలి, అంతే. నాకింకేమీ అక్కర్లేదు.

బ్లీచింగు మిషను రేపు తప్పక వస్తుందని కబురొచ్చిన రోజు. పొద్దెక్కింది. నజ్మీన్ బియ్యం ఏరుతూ చేట కింద పెట్టి నడుము పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిరపకాయలు తొక్కించిన ఇంటి పక్కనే కూర్చున్నాను అత్తా, ఘాటు అంతే అంది. పుల్ల పెట్టాను. అంకె చూశాను. చదువు రానిదాన్నయితే బాగుండునని ఆ ఒక్కసారే అనిపించింది.

సుబ్బరావమ్మ వచ్చి నూటెనిమిదికి ఫోన్ చేసింది. అంబులెన్సు దర్శి నుంచి బయల్దేరిందని, శరణ్య డాక్టరు ఆ దారిలోనే ఉందని, వెంటనే వస్తుందని చెప్పింది. కానీ ఆ ఫోన్ మాట వీధిలోకీ వెళ్లింది. రోగం రెండో మనిషికి వచ్చింది, అంటే అంటుకునేదే అని జనం లేచారు. అంబులెన్సు వీధి మొగలోకి వచ్చేసరికి ట్రాక్టరు ట్రక్కు అడ్డం పెట్టేశారు. చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో పెట్రోలు సీసా. ముందు నడుస్తున్నది ఇలియాస్.

రోగమంతా ఆ పత్తిలో ఉంది, దాన్ని తగలబెట్టి ఆ పిల్లను ఊరు దాటిస్తే పీడ వదులుతుందని అతని లెక్క. గునపంతో వెనక గది తాళం పగలగొట్టాడు. ఒకడు వెంటనే పెట్రోలు పోయబోతే ఆపాడు. అతను దూదేకులవాడు, పత్తి సంగతి తెలిసినవాడు.

"గడ్డకట్టిన పత్తి మండదురా, రాజుకుంటుంది. నాలుగు రోజులు పొగే. ముందు విప్పి కొట్టండి. విడితే ఒక్క క్షణంలో బుగ్గైపోద్ది."

మా గోడకు ఆనించిన బెత్తాలు తీసి పంచింది కూడా అతనే. మేము పుట్టినప్పటి నుంచి చేసే పని. ఎలా కొట్టాలో చూపించాడు, మణికట్టు ఎలా తిప్పాలో చెప్పాడు. ఏడెనిమిది మంది మగాళ్లు కుప్పను గది గుమ్మం దాకా లాగి, గదిలో సగమూ వాకిట్లో సగమూ నిలబడి కొట్టారు. ఎలుకలు దూకాయి. వాటినీ కొట్టారు. అరుపులు, బూతులు, తొక్కుళ్లు. ఒకడు తన కాలి మీదే కొట్టుకున్నాడు. ఎవరూ ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోలేదు. దుమ్ము తాటిచెట్టంత లేచింది. వాళ్లు దగ్గుతూ, నవ్వుతూ కొట్టారు. బ్యారన్‌లోంచి వచ్చిన మాలిక్ నవ్వులాగే ఉంది.

శరణ్య జీపు దిగి ట్రాక్టరు పక్కనుంచి దూరి పరిగెత్తుకుంటూ వచ్చింది. కొట్టొద్దని చేతులు ఊపుతూ అరిచింది. మీరు పీలుస్తున్నది అదే, నీళ్లు చల్లండి, దూరం జరగండి అంది. ఎవడో రాయి విసిరాడు. మాస్కు మీద తగిలింది. ఆవిడ మోకాళ్ల మీద కూలింది. తెల్ల మాస్కు మధ్యలోంచి ఎరుపు పాకింది. సుబ్బరావమ్మ ఆమెకు అడ్డంగా నిలబడితే ఆమె భుజం మీద కర్ర పడింది.

నేను ముందు గదిలో నజ్మీన్‌తో ఉన్నాను. కుండలో చీర ముంచి తలుపు కింద సందులో కుక్కాను, ఇంకో గుడ్డ తడిపి ఆమె మొహానికి కట్టాను. ఆమె నడుము పట్టుకుని ముడుచుకుని పడుంది. తలుపు మీద తన్నారు. మూడో తన్నుకు గడియ ఊడింది. ఇలియాస్ లోపలికొచ్చాడు. తలంతా తెల్లగా, కనురెప్పలు తెల్లగా ఉన్నాడు. ట్రాక్టరెక్కు, మీ అమ్మింటికి పో అని నజ్మీన్ జుట్టు పట్టుకున్నాడు. ఆమె మంచం కోడును కౌగిలించుకుంది. మంచంతో సహా లాగాడు. రాలేదు. అప్పుడు చేతిలో బెత్తంతో నుదుటి మీద కొట్టాడు. చర్మం చీలి తెల్లటిదేదో కనిపించింది, తర్వాత నెత్తురు కళ్లలోకి దిగింది. ఆమె అరవలేదు, కోడు వదల్లేదు. ఇంకోసారి ఎత్తాడు.

గోడ మీది మేకు నుంచి మా ఆయన చెక్కసుత్తి తీశాను. చింత కొయ్యతో చేసింది, ఇంత బరువు. జుట్టు పట్టుకున్న చేతి మణికట్టు మీద కొట్టాను. చిట్లిన చప్పుడు నాకు బాగా వినిపించింది. అతను వదలకుండా నా వైపు తిరిగాడు. మళ్లీ అక్కడే కొట్టాను. వేళ్లు విడలేదు. భుజం మీద కొట్టాను. మెడ పక్కన కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. చిన్నప్పుడు నా చేతుల మీదే పెరిగిన మరిది. వదినా, వదినా అంటున్నాడు. వినిపిస్తూనే ఉంది.

అప్పుడు బయట పెట్రోలు అంటించారు.

ఇలియాస్ చెప్పింది నిజమే. విప్పి కొట్టిన పత్తి రాజుకోదు, ఒక్కసారి లేస్తుంది. మంట వాకిలి నిండా పరుచుకుంది, గాల్లో ఉన్న దూది కూడా అంటుకుంది. దగ్గర నిలబడ్డవాళ్ల కాళ్ల వెంట్రుకలు, గడ్డాలు కాలాయి. ఒకడి లుంగీ అంటుకుంటే వీధిలో పొర్లాడు. గుంపు ఒకరి మీద ఒకరు పడి పరిగెత్తింది. ట్రాక్టరు మీదున్నవాడు భయపడి బండి వెనక్కి తీశాడు. దారి దొరికింది.

నేను నజ్మీన్ భుజాలు పట్టాను. కాళ్లు ఎవరో పట్టారు. చూస్తే శరణ్య. పెదవి చీలి కిందికి వేలాడుతోంది, మాట రావడం లేదు, అంబులెన్సు వైపు కళ్లతో చూపించింది. ఇద్దరం పొగలోంచి మోసుకెళ్లాం. బండి ఎక్కేటప్పుడు వెనక్కి చూస్తే మా ఇంటి కప్పు అంటుకుంది. బుడాన్ విల్లు లోపలే ఉంది. సిద్దికా మొగుణ్ణి చంకల కింద పట్టుకుని బయటికి ఈడుస్తోంది.

గుంటూరులో నజ్మీన్ కిడ్నీలు నాలుగైదు రోజులు పని చేయలేదు. మెడ పక్కన గొట్టం పెట్టి నెత్తురు మిషన్లోకి తీసి కడిగి ఎక్కించారు. నుదుటికి కుట్లు వేశారు. తొందరగా తెచ్చారు కాబట్టి చేతికి దొరికిందని అక్కడి డాక్టర్లు అన్నారు. ఒక తెల్లవారుజామున ఆమె మంచానికి వేలాడే సంచిలో ఉచ్చ చుక్కలు పడ్డాయి. నర్సు వచ్చి సంతోషకరమైన కబురులా చెప్పింది. నేను ఆ సంచిని పట్టుకుని ఏడ్చాను. ఇంత చదివి ఇలాంటిది రాస్తున్నానని నవ్వుకోవద్దు, నాకు అంతకంటే మంచి కబురు ఆ సంవత్సరం రాలేదు.

రెండు వారాలకు పూనా నుంచి కాగితాలొచ్చాయి. మాలిక్ నెత్తురులోనూ, బ్యారన్ ఎలుకల్లోనూ అదే ఉంది. మనుషుల నుంచి మనుషులకు అంటుకునే రకం కాదని కూడా రాశారు. శరణ్య పెదవికి కుట్లతో వార్డుకు వచ్చింది. ఇప్పుడు ఆమెకు కావాల్సింది ఆ రోజు పత్తి కొట్టినవాళ్లు. ఒక్కొక్కరినీ వెతికి, నెత్తురు తీసి, జ్వరం చూస్తూ ఉండాలి. కానీ పోలీసు కేసు పడిందని వాళ్లంతా పారిపోయారు. జ్వరమొస్తే దాక్కున్న చోటే చస్తారని ఆమె బాధ. తనను రాయితో కొట్టినవాడు ఎవరో ఆమె అడగలేదు. సుబ్బరావమ్మ కట్టు కట్టిన భుజంతోనే ఇల్లిల్లూ తిరిగి చాలామందిని రప్పించింది. ఇలియాస్ మాత్రం దొరకలేదు. సిద్దికా నోరు విప్పలేదు.

ఎక్కడుంటాడో నాకు తెలుసు. కొత్తపట్నంలో వలలు కుట్టే స్నేహితుడి దగ్గర తప్ప అతనికి ఇంకో దిక్కు లేదు. డాక్టరమ్మ అడిగితే తెలియదన్నాను. చావనీ అనుకున్నాను. నా కొడుకు చచ్చినట్టే, వేళ్లు ఒక్కొక్కటే విడదీసేదాకా చావనీ అనుకున్నాను.

నజ్మీన్ మెడ తిప్పలేదు. కళ్లు మాత్రం నా వైపు తిప్పింది.

"చిన్నమామ కొత్తపట్నంలో ఉంటాడు మేడం," అంది. "తొందరగా తీసుకురండి."

శరణ్య వెళ్లిపోయింది. నాకు కోపమొచ్చింది. పోనీలే అని క్షమించావా అని అడిగాను.

"ఎందుకు క్షమిస్తాను అత్తా? కోర్టులో నేను చెబుతుంటే ఎదురుగా నిలబడి వినాలి. చచ్చినవాడికి ఏం చెబుతాం?"

వాళ్లు వెళ్లేసరికి ఇలియాస్ పడవ నీడలో పడి ఉన్నాడట. జ్వరం అప్పటికి రెండో రోజు. ఎవరో విరిగిన చేతికి పసరు కట్టు కట్టారు. నడుం నొప్పికి ఉప్పునీళ్లలో కూర్చోబెట్టారు. అతన్ని మా వార్డులోకే తెచ్చారు. మా మంచం పక్కనుంచి తోసుకెళుతుంటే నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఊపిరికి గింజుకున్నాడు. నర్సు అతని చెయ్యి పట్టుకుంటే విరిగిన ఎముక కదిలి అరిచాడు. నేను కళ్లు మూసుకోలేదు. మాలిక్ పోయిన మంచం అక్కడికి మూడో మంచం. అతను దాన్ని దాటి బతికాడు. పెట్రోలు సీసా తెచ్చినవాడు మాత్రం మార్కాపురం అవతల ఎక్కడో తోటలో దాక్కుని, జ్వరం సంగతి ఎవరికీ చెప్పక, చచ్చిపోయాడు. వాడికి పెళ్లాం, కడుపులో బిడ్డ.

మొన్న దర్శి కోర్టులో వాయిదా జరిగింది. ఇలియాస్ ఎదురుగా నిలబడ్డాడు. చిక్కిపోయాడు, చెయ్యి వంకరగా అతుక్కుంది, ఇక విల్లు కాదు గదా సూది కూడా పట్టలేడు. నజ్మీన్ తల మీది కొంగు జరిపి నుదుటి మచ్చ చూపించింది, మొదటి దెబ్బ నుంచి చివరిదాకా చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. అతను నేల చూస్తే ఆగింది. ఇటు చూడు చిన్నమామా, ఇంకా అవలేదు అంది. అతను తలెత్తేదాకా మళ్లీ మొదలుపెట్టలేదు.

తర్వాత నన్ను పిలిచారు. అతని వకీలు సుత్తితో కొట్టింది నువ్వేనా అని అడిగాడు. నేనే అన్నాను. ముసలిదానివి, ఎన్ని దెబ్బలు కొట్టావో గుర్తుందా అన్నాడు.

"పిల్లను వదిలేదాకా కొట్టాను బాబూ," అన్నాను. "వదిలాక ఇంకో రెండు నా కొడుక్కి కొట్టాను."

దానికి నాకేం శిక్ష వేస్తారో ఇంకా తెలియదు. వేస్తే పడతాను.

ఇల్లు కాలాక ఊరు వదిలి తాడేపల్లి వచ్చేశాం. ఇక్కడ నజ్మీన్ బట్టల కొట్లో మిషను కుడుతోంది. మేము పరుపులు కుట్టం. ఎవరైనా మేడ మీద దుప్పటి దులిపితే, కొట్టే చప్పుడు వినిపిస్తే, ఆమె లేచి కిటికీ మూస్తుంది. నేను కిటికీ కింద తడిగుడ్డ పెడతాను.

లాల్‌బీ, అరవై రెండేళ్లు, ఇప్పుడు ఉంటున్నది తాడేపల్లి.